గ్యాసులను వేరుచేసే కాంపోజిట్ మెంబ్రేన్: కాలేజీ ల్యాబులో చేసి, పరీక్షించే పద్ధతి

నల్లగొండలో ఆర్ఓ ప్లాంటు లేని వాడ లేదు. ఫ్లోరైడ్ పుణ్యమా అని మెంబ్రేన్ అనే మాట ఇక్కడ చదువుకోనివాళ్లకు కూడా తెలుసు. అందుకే గ్యాసులను వేరుచేసే మెంబ్రేన్ చేస్తామంటూ ప్రాజెక్టు పట్టుకొచ్చే ఎమ్మెస్సీ పిల్లలకు నేను ముందుగా ఒక పని చెప్తాను. మీ వాడలో వాటర్ ప్లాంటుకు పోయి, మార్చి పడేసిన పాత మెంబ్రేన్ ఒకటి అడిగి తెచ్చుకోండి. ఊరికే ఇస్తారు. మాస్కు, గ్లవుజులు వేసుకుని పైనున్న ఫైబర్ తొడుగును హాక్సాతో కోయండి; ఆ నుసి ఒంటికి తగిలితే రెండు రోజులు దురద. లోపలి చుట్ట విప్పితే తెల్లటి షీట్లు, వాటి మధ్య ప్లాస్టిక్ వల కనిపిస్తాయి. షీటు అంచును గోటితో గీకండి. పై పొర లేచి కింద బట్ట బయటపడుతుంది. ఆ బట్ట పాలిస్టర్. దాని మీది తెల్ల పొర పాలిసల్ఫోన్, 40, 50 మైక్రాన్ల మందం ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఉప్పును ఆపేది మాత్రం ఈ రెండూ కాదు. అన్నిటికన్నా పైన మైక్రాన్‌లో పదో వంతో, ఐదో వంతో మందంతో పాలిఅమైడ్ పొర ఉంటుంది. అది కంటికి ఆనదు.

గ్యాసు మెంబ్రేన్ కట్టుబడి కూడా ఇదే. బలానికి బట్ట, బట్ట మీద చిల్లుల సపోర్టు, దాని మీద అసలు పని చేసే పలచటి పొర. ఇన్ని పొరలు కలిసినందుకే దాన్ని కాంపోజిట్ అంటున్నాం. అలాగని పాత ఆర్ఓ షీటునే కోసి గ్యాసుకు పెడదామంటే కుదరదు. ఎండిన పాలిఅమైడ్ పొరలో కనపడని లోపాలుంటాయి, గ్యాసు వాటిలోంచి దూసుకుపోతుంది. చూసి నేర్చుకోవడానికి పనికొస్తుంది, అంతే.

ఇంత పలచగా ఎందుకంటే లెక్క చూడండి. గ్యాసు పాలిమర్‌లో కరిగి, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పాకుతుంది. మందం సగమైతే వచ్చే గ్యాసు రెట్టింపవుతుంది. గ్యాసును ఎంత తేలిగ్గా పోనిస్తుందనే పాలిమర్ స్వభావాన్ని బారర్లలో చెప్తారు, తయారైన మెంబ్రేన్ ఎంత వదులుతుందో జీపీయూలో చెప్తారు. 1 బారర్ ఉన్న పాలిమర్‌ను 1 మైక్రాన్ మందంలో పరిస్తే 1 జీపీయూ వస్తుంది. పాలిసల్ఫోన్‌కు ఆక్సిజన్ దాదాపు 1.4 బారర్లు. 50 మైక్రాన్ల షీటు చేస్తే దక్కేది 0.028 జీపీయూ, అది ఏ ఫ్యాక్టరీకీ చాలదు. అదే పాలిమర్ మైక్రాన్‌లో పదో వంతుకు దిగితే 14 జీపీయూ. వ్యాపారమంతా ఈ తేడా మీదే నడుస్తోంది.

పలచన చేసిన కొద్దీ రంధ్రాల బెడద పెరుగుతుంది. రబ్బరు పొరలోంచి గాలిని లాగితే ఆక్సిజన్ పాలు పెరుగుతుందని థామస్ గ్రాహం 1866లోనే చూపించాడు. అది పరిశ్రమలోకి రావడానికి వందేళ్లు దాటింది. ఫ్యాక్టరీకి చాలేంత పలచటి పొరను ఎక్కడా సూది మొనంత లోపం లేకుండా పరవడం ఎవరి వల్లా కాకపోవడం దానికి పెద్ద కారణం. పొర విస్తీర్ణంలో పది లక్షల్లో ఒక వంతు రంధ్రాలున్నా పాలిసల్ఫోన్ వేరుచేసే గుణం మొత్తం పోతుంది. మోన్‌శాంటో కంపెనీలో హెనిస్, ట్రైపోడి అనే ఇద్దరు ఈ చిక్కును ఇంకో పక్క నుంచి పట్టుకున్నారు. రంధ్రాలు ఉండనీ, పైన సిలికాన్ రబ్బరు పూసి వాటిని పూడ్చేద్దాం అనుకున్నారు. ఆ ఆలోచనతో వచ్చిన ప్రిజం మెంబ్రేన్లు 1980లో మార్కెట్లోకి దిగి, అమ్మోనియా ఫ్యాక్టరీలు బయటికి వదిలే గ్యాసులోంచి హైడ్రోజన్‌ను తిరిగి పట్టడం మొదలుపెట్టాయి.

మనం చేయబోయేది అంతకన్నా తేలిక. పాలిసల్ఫోన్ సపోర్టు మీద సిలికాన్ పొరే పరుస్తాం, వేరుచేసే పనీ దానికే అప్పజెప్తాం. ప్రాజెక్టుకు వచ్చే ప్రతి బ్యాచ్‌కూ కొత్త పాలిమర్, నానో పౌడర్ కలపాలని ఆరాటం ఉంటుంది. రంధ్రం లేని మామూలు సిలికాన్ పొర చేసి, అది బాగుందని లెక్కతో చూపించడం చేతనయ్యాకే పౌడర్ల సంగతి మాట్లాడదాం అంటాను.

సపోర్టు పోత

పాలిసల్ఫోన్ గింజలను రాత్రంతా 80 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టండి. తేమ ఉంటే ద్రావణం మసకేస్తుంది. ఎన్ఎంపీ అంటే ఈ గింజలను కరిగించే సాల్వెంట్; అది 82 గ్రాములు తీసుకుని 18 గ్రాముల గింజలు వేసి, 60 డిగ్రీల దగ్గర మూత పెట్టి తిప్పండి. ఉదయం వేస్తే సాయంత్రానికి తేనెలా చిక్కగా, తేటగా తయారవుతుంది. రాత్రి కదపకుండా వదిలేస్తే బుడగలన్నీ పైకి పోతాయి. బుడగతో పోస్తే ఆ బుడగే రేపు రంధ్రం అవుతుంది. ఎన్ఎంపీకి పెద్ద వాసన ఉండదు కాబట్టి పిల్లలు దాన్ని లెక్కచేయరు. చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది, కడుపులో బిడ్డకు హాని చేసే జాతి సాల్వెంట్ అది. గర్భిణులను ఆ టేబుల్ దగ్గరికి రానివ్వను. మిగతావాళ్లు కూడా ఫ్యూమ్ హుడ్‌లోనే పని చేయాలి.

గాజు పలక మీద పాలిస్టర్ నాన్‌వోవెన్ బట్టను ముడత లేకుండా టేపుతో బిగించండి. బట్టను ఎన్ఎంపీతో ముందే కాస్త తడిపితే ద్రావణం కిందికి ఇంకిపోదు. కాస్టింగ్ నైఫ్ (ద్రావణాన్ని ఒకే మందంలో పరిచే పట్టీ) సందును బట్ట పైనుంచి 150, 200 మైక్రాన్ల మధ్య పెట్టి, ఒక చివర ద్రావణం పోసి, మధ్యలో ఆగకుండా ఒకే వేగంతో లాగండి. చెయ్యి ఆగిన చోట గీత పడుతుంది. వెంటనే పలకను నీళ్ల తొట్టిలోకి ఒకే ఊపులో దించేయాలి. ఎన్ఎంపీ నీళ్లలోకి పోతుంది, నీళ్లు పొరలోకి వస్తాయి, చూస్తుండగానే పొర తెల్లబడుతుంది. చిల్లులు ఏర్పడేది ఆ కొద్ది క్షణాల్లోనే. కాబట్టి తొట్టి నీళ్ల విషయంలో కొంచెం చాదస్తంగా ఉండక తప్పదు.

మన దగ్గర మే నెలలో ట్యాంకు నీళ్లు చేతికి కాలుతుంటాయి. తొట్టి 25 డిగ్రీల దగ్గర ఉండాలి. ఐసు ముక్కలు కవర్లో కట్టి ముంచండి, థర్మామీటర్ తొట్టిలోనే ఉంచండి. బోరు నీళ్లు వద్దు, ఆరాక పొర మీద సున్నపు మచ్చలు మిగులుతాయి. ఆర్ఓ నీళ్లు చాలు, డిస్టిల్డ్ కోసం తిరగనక్కర్లేదు. వానాకాలంలో చిక్కు వేరు. పోతకూ ముంచడానికీ మధ్య ఆలస్యమైతే గాలిలోని తేమే పొర పైముఖాన్ని గడ్డకట్టించడం మొదలుపెడుతుంది, పైన పెద్ద చిల్లులు పడతాయి. ఎంతసేపు గాలికి ఉంచారో, ఆ రోజు తేమ ఎంతో పోత పోసిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో రాయండి. జూలైలో చేసిన షీటు ఏప్రిల్ షీటులా ఎందుకు రాలేదని మార్చిలో వైవా పెట్టే ఎగ్జామినర్ అడుగుతారు.

పావుగంట తర్వాత షీటును శుభ్రమైన నీళ్లలోకి మార్చి, ఒక రోజంతా ఉంచండి, మధ్యలో నీళ్లు రెండు మూడు సార్లు మార్చండి. మొదటి తొట్టి నీళ్లను సింకులో పారబోయవద్దు. అందులో ఎన్ఎంపీ ఉంది, సాల్వెంట్ వేస్టు డ్రమ్ములో పోయాలి.

ఇక ఆరబెట్టడం. ఎక్కువ ప్రాజెక్టులు ఇక్కడే మునుగుతాయి. తడి షీటును ఫ్యాన్ కింద ఆరేస్తే నీరు ఆవిరవుతూ సన్నటి చిల్లుల గోడలను లోపలికి లాగి మూసేస్తుంది. నీటికి తలతన్యత ఎక్కువ కాబట్టి ఆ లాగుడు గట్టిగా ఉంటుంది. పైకి షీటు చక్కగానే కనిపిస్తుంది, గ్యాసు మాత్రం పోదు. నీళ్లలోంచి తీసిన షీటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో గంటసేపు, తర్వాత హెక్సేన్‌లో గంటసేపు ఉంచి, అప్పుడు గాలికి ఆరబెట్టండి. హెక్సేన్ లాగుడు తక్కువ, చిల్లులు నిలుస్తాయి. హెక్సేన్ ఆవిరి నేల మీద పాకుతూ పోయి మంట అంటుకుంటుంది. ఆ గదిలో బర్నర్ గానీ, మామూలు హీటర్ గానీ, ఫోన్ చార్జింగ్ గానీ ఉండకూడదు.

సిలికాన్ పూత

రెండు సీసాలుగా వచ్చే సిలికాన్ కిట్ తీసుకోండి, ప్లాటినం క్యాటలిస్టుతో గట్టిపడే రకం. పది పాళ్ల బేస్‌కు ఒక పాలు క్యూరింగ్ ఏజెంట్. ఆ మిశ్రమం హెక్సేన్‌లో 2, 3 శాతం ఉండేలా కలపండి. చేతులకు నైట్రైల్ గ్లవుజులే వేసుకోవాలి. తెల్ల లేటెక్స్ గ్లవుజుల్లోని గంధకం ప్లాటినాన్ని చంపేస్తుంది. "మేడం, గిది ఎంతసేపు పెట్టినా ఆర్తనే లేదు, జిగటగనే ఉంది" అని ఎవరైనా వస్తే నేను ముందు చూసేది వాళ్ల చేతులే. అమైన్లు, తగరం ఉన్న రసాయనాలు పక్కన పెట్టుకున్నా అంతే.

కలిపిన వెంటనే పూస్తే పలచటి ద్రావణం చిల్లుల్లోకి దిగిపోతుంది. సిలికాన్ చిల్లులో నిండితే మందం రెండు మైక్రాన్లు కాదు, ఇరవై అయినట్టు. దీనికి రెండు ఉపాయాలు. ద్రావణాన్ని గట్టిగా మూత బిగించిన సీసాలో, వేడి నీళ్ల తొట్టిలో 50 డిగ్రీల దగ్గర కొంతసేపు ఉంచి, గొలుసులు కొంచెం పెరిగి చిక్కబడ్డాక పూయడం ఒకటి. సపోర్టు చిల్లులను ముందే నీటితో నింపి, పైతడి తుడిచి పూయడం రెండోది. నేను మొదటిదే చేయిస్తాను, చిక్కదనం సీసా వంచితే తెలుస్తుంది. జెల్లీ అయ్యేదాకా ఉంచితే మాత్రం అది చెత్తబుట్టకే.

షీటు వెనక బట్టకు ద్రావణం తగలకుండా అంచులను టేపుతో పలకకు అతికించండి. పలకను ద్రావణంలో ముంచి, నిలువుగా నిదానంగా పైకి తీసి, కారనివ్వండి. కింది అంచు ఎప్పుడూ మందమవుతుంది. కాబట్టి ఆరాక పలకను తలకిందులు చేసి రెండో పూత వేయండి. మొదటి పూతలో దుమ్ము కూర్చున్న చోటే రెండో పూతలోనూ కూర్చోవడం అరుదు, రెండు పూతల అసలు లాభం అది. హెక్సేన్ వాసన పూర్తిగా పోయేదాకా బయట ఉంచి, ఆ తర్వాతే 80 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు పెట్టండి.

మందం తెలుసుకోవడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం హైదరాబాద్ పరిగెత్తనక్కర్లేదు. పూతకు ముందు, తర్వాత తూచండి. సిలికాన్ సాంద్రత సుమారుగా 1. వంద చదరపు సెంటీమీటర్ల షీటు 20 మిల్లీగ్రాములు బరువెక్కితే పూత 2 మైక్రాన్లు. ఫొటో తర్వాత తీయించుకోవచ్చు.

బుడగ లెక్క

టెస్ట్ సెల్ అంటే రెండు స్టీలు బిళ్లలు, మధ్యలో ఓ-రింగ్, మెంబ్రేన్ కింద ఆనడానికి సన్నటి జాలీ. లేత్ పని బాగా తెలిసినవాళ్లు చేసిస్తారు. ఓ-రింగ్ లోపలి వ్యాసం 4 సెంటీమీటర్లయితే గ్యాసు పోయే విస్తీర్ణం 12.57 చదరపు సెంటీమీటర్లు. బయటికి వచ్చే గ్యాసును కొలవడానికి ఒక పాత 10 ఎంఎల్ పిపెట్, కింద సబ్బు నీళ్ల రబ్బరు బల్బు, ఒక స్టాప్‌వాచ్ చాలు. బల్బు నొక్కితే లేచిన సబ్బు బుడగను గ్యాసు పిపెట్‌లో పైకి తోస్తుంది, అది 10 ఎంఎల్ దాటడానికి ఎన్ని సెకన్లో చూస్తాం.

ముందు మెంబ్రేన్ పెట్టకుండా అదే సైజు రబ్బరు షీటు బిగించి గ్యాసు ఇవ్వండి. బుడగ కదిలితే లీకు మీ సెల్‌లోనే ఉంది. అది ఆగేదాకా ముందుకు పోవద్దు.

తర్వాత షీటు నుంచి కనీసం మూడు బిళ్లలు, అంచులు వదిలేసి వేర్వేరు చోట్ల కోయండి. ఒక్కోదాన్ని బిగించి నైట్రోజన్ 2 బార్ పెట్టి, పాత గాలి పోయేదాకా వదిలి, బుడగ వేగం నిలకడగా మారాక టైము చూడండి. మన దగ్గర చేసిన బాగున్న షీటు ఒకదాని లెక్క చెప్తాను. నైట్రోజన్ 10 ఎంఎల్‌కు 40 సెకన్లు, ఆక్సిజన్‌కు 19 సెకన్లు. నలభైని పంతొమ్మిదితో భాగిస్తే 2.1. సిలికాన్‌కు ఉండాల్సిన నిష్పత్తి అదే. ఈ లెక్కకు విస్తీర్ణం అక్కర్లేదు, మందం అక్కర్లేదు. వేరుచేసే గుణం ఎంతో స్టాప్‌వాచే చెప్పేస్తుంది.

జీపీయూ కావాలంటే ఇంకొంచెం గుణకారం. 10 ఎంఎల్‌కు 40 సెకన్లంటే సెకనుకు 0.25 ఎంఎల్. గది 30 డిగ్రీలుంటే సున్నా డిగ్రీలకు మార్చడానికి 273ను 303తో భాగించి గుణించాలి, 0.225 అవుతుంది. 2 బార్ అంటే 150 సెంటీమీటర్ల పాదరసం. 0.225ను 12.57తో, మళ్లీ 150తో భాగించి, పది లక్షలతో గుణిస్తే దాదాపు 119 జీపీయూ. సిలికాన్‌లో నైట్రోజన్ 280 బారర్ల దాకా ఉంటుంది కాబట్టి 2 మైక్రాన్ల పూతకు 140 వరకు ఆశించవచ్చు. 119 అంటే సపోర్టు పెద్దగా అడ్డుపడటం లేదన్నమాట.

నిష్పత్తి 2.1 రాకపోతే ఏం చేయాలి? దాన్ని చదవడం నేర్చుకోవాలి. రంధ్రాల్లోంచి జారే గ్యాసుకు బరువు ఒక్కటే లెక్క, తేలికైనది ముందు పోతుంది. 28ను 32తో భాగించి వర్గమూలం తీస్తే 0.94 వస్తుంది. అంటే ఆక్సిజన్ నైట్రోజన్ కన్నా వెనకబడితే మీ పొర పొర కాదు. 1.4, 1.6 లాంటివి వస్తే కొంత పొరలోంచి, కొంత రంధ్రంలోంచి పోతోంది, ఇంకో పూత వేస్తే బాగుపడుతుంది. కార్బన్ డై ఆక్సైడ్‌తో చూస్తే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. సిలికాన్‌లో అది నైట్రోజన్ కన్నా పది రెట్లకు పైగా వేగంగా పోతుంది, రంధ్రంలో మాత్రం 0.8 రెట్లే. దానికి 10 ఎంఎల్ పిపెట్ చాలదు, 50 ఎంఎల్ బ్యూరెట్ పెట్టండి. అన్నిటికన్నా చివర్లోనే దాన్ని ఇవ్వండి, ఎందుకంటే చాలా పాలిమర్లను అది ఉబ్బించి గుణం మార్చేస్తుంది.

ఇంకో పరీక్ష: నైట్రోజన్‌ను 1, 2, 3 బార్ల దగ్గర కొలిచి జీపీయూలు పక్కపక్కన రాయండి. దాదాపు ఒకేలా ఉంటే మంచిదే. ఒత్తిడితో పాటు పెరుగుతూ పోతే పెద్ద రంధ్రం ఉంది. నిష్పత్తి 2.1 వచ్చి జీపీయూ మాత్రం ఇరవై దగ్గరే ఆగిందంటే రంధ్రం కాదు, సిలికాన్ చిల్లుల్లోకి దిగింది, లేదా ఆరబెట్టేటప్పుడే సపోర్టు మూసుకుపోయింది. ఏది జరిగిందో తేలాలంటే పూత లేని సపోర్టు ముక్కను కొలవండి. దాని జీపీయూ పూత వేసినదానికి కనీసం పది రెట్లు ఉండాలి.

ఆక్సిజన్ సిలిండర్‌కు వేరే రెగ్యులేటర్ వాడండి, మరలకు నూనె గానీ గ్రీజు గానీ ముట్టించవద్దు, నిప్పంటుకుంటుంది. మూడు బిళ్లల లెక్కలూ రిపోర్టులో రాయండి. బాగా వచ్చిన ఒక్కదాన్నే రాసే అలవాటు చాలా చోట్ల ఉంది, మా ల్యాబులో సంతకం పడదు.

తర్వాత మెట్టు

సిలికాన్ మీద చెయ్యి కుదిరాక పెబాక్స్ 1657 అనే పాలిమర్ పట్టుకోవచ్చు. 70 పాళ్ల ఇథనాల్, 30 పాళ్ల నీళ్లలో 1, 2 శాతం వేసి, 80 డిగ్రీల దగ్గర రిఫ్లక్స్‌లో (లేచిన ఆవిరిని చల్లబరిచి మళ్లీ ఫ్లాస్కులోకే దించుతూ) కరిగించి, వడగట్టి, గోరువెచ్చగా ఉన్నప్పుడే సపోర్టు మీద పూయాలి. ఆరాక పైన పలచటి సిలికాన్ పూత వేస్తే రంధ్రాలు పూడతాయి. కిందే సిలికాన్ వేసి దాని మీద పెబాక్స్ పూద్దామంటే ద్రావణం ముత్యాల్లా విడిపోతుంది, ముందు సిలికాన్ ముఖాన్ని ప్లాస్మా లాంటిదానితో తడి అంటేలా మార్చాలి. పెబాక్స్‌కు కార్బన్ డై ఆక్సైడ్, నైట్రోజన్ నిష్పత్తి 40, 50 దాకా ఉంటుంది.

ఈ అంకె చూడగానే దామరచర్లలో కట్టిన 4000 మెగావాట్ల యాదాద్రి పవర్ ప్లాంటు పొగగొట్టానికి మెంబ్రేన్ బిగిద్దామని ఉత్సాహం వస్తుంది. బొగ్గు పొగలో కార్బన్ డై ఆక్సైడ్ 12, 14 శాతమే. మెంబ్రేన్ ఎంత గొప్పదైనా, ఒక పక్కకూ ఇంకో పక్కకూ ఉన్న ఒత్తిళ్ల నిష్పత్తిని మించి చిక్కన చేయలేదు. ఐదు రెట్ల ఒత్తిడి తేడాతో 13 శాతం పొగ ఒక దశలో 65 శాతం దాటదు. నిష్పత్తి 50 ఉన్నా, 500 ఉన్నా అంతే. అంత పొగను నొక్కడానికి కంప్రెసర్లు తాగే కరెంటు ఎంతో కూడా లెక్క వేసుకోండి. ప్రాజెక్టు రిపోర్టు చివర్లో ఈ ఒక్క పేజీ లెక్క ఉంటే ఇంటర్వ్యూలో మిమ్మల్ని చూసే తీరే మారుతుంది.

నడుస్తున్న మెంబ్రేన్ చూడాలంటే అంత దూరం అక్కర్లేదు. చౌటుప్పల్ వైపు, జడ్చర్ల దగ్గర పోలేపల్లి వైపు బల్క్ డ్రగ్, ఫార్మా యూనిట్లు ఉన్నాయి. సాల్వెంట్ ట్యాంకుల్లో, రియాక్టర్లలో గాలి లేకుండా ఉంచడానికి ఈ పరిశ్రమకు నైట్రోజన్ కావాలి. కొందరు సిలిండర్లు తెప్పిస్తారు, కొందరు పీఎస్ఏ (గాలిని ఒత్తిడితో గుళికల మీదుగా పంపి నైట్రోజన్ తీసే యంత్రం) పెట్టుకుంటారు, కొందరు బోలు నూలు లాంటి ఫైబర్లు కట్టలుగా ఉన్న మెంబ్రేన్ యూనిట్ పెట్టుకుంటారు. మెంబ్రేన్ యూనిట్ ఉన్నచోట ఎవరైనా తెలిసినవాళ్లుంటే కాలేజీ లెటర్ తీసుకుని వెళ్లండి. ముందు కంప్రెసర్ తర్వాతి ఫిల్టర్లు చూడండి. కంప్రెసర్ నూనె ఆవిరి ఫైబర్ల మీద పడితే యూనిట్ ఆయుష్షు తగ్గిపోతుంది. తర్వాత నైట్రోజన్ బయటికొచ్చే వాల్వును కొంచెం తిప్పి చూపించమని ఆపరేటర్‌ను అడగండి. ఫ్లో తగ్గిస్తే ఆక్సిజన్ మీటర్లో అంకె పడిపోతుంది, నైట్రోజన్ శుద్ధి పెరుగుతుంది, దక్కే నైట్రోజన్ తగ్గుతుంది. రెండు మూడు చోట్ల వాల్వు ఆపించి ఫ్లో, ఆక్సిజన్ శాతం రాసుకోండి. ఇంటికొచ్చి గ్రాఫ్ గీయండి. ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న గాలి బయటికి పోయే గొట్టం ఎక్కడ తెరుచుకుంటుందో, దాని దగ్గర సాల్వెంట్ డ్రమ్ములు ఉన్నాయో లేదో కూడా అడిగి రండి.